మూడో మనిషి

ఆరు దినాలు కాజీపేట షెడ్డుల
ఇంజన్ల కడుపు కింద వెల్లకిలా పండి బోల్టులు బిగిస్త.
నెత్తిమీద నూట ఇరవై టన్నులు.
ఏడో నాడు వడ్డేపల్లి కట్టమీద నిలబడి
పావుకిలోకు ఒక్క గ్రాము తక్కువున్నదాన్ని
అరచేతిల నుంచి వదిలిపెడ్త.
గంతే, నా ఆదివారం.

"పావుకిలో లోపుదానికి బీమా తప్పనిసరి గాదక్కా"
అన్నడు యాకూబ్ పాషా.
అన్నోడే సంచిల నుంచి మూడు కాయితాలు తీసిండు.
సుబేదారి హోటల్ల చాయ్ మీద మీగడ కడుతున్నది.

మొదటిది సొంత నష్టం.
రెక్క విరిగినా, కెమెరా పగిలినా, తీగలకు చిక్కినా ఇస్తరు.
నీళ్లల్ల పడితే వర్తించదు.
చీకట్ల ఎగిరితే వర్తించదు.
గాలిదుమారం దేవుని పని, అదీ వర్తించదు.
ఇగ మిగిలిందేంది భాయ్, అన్న.
నవ్విండు.
రెండో ఏడు నుంచి ముప్పై శాతం తరుగు.

తరుగు.
ఎనుమాముల యార్డుల విన్న ఆ మాట,
బస్తాకు రెండు కిలోలు కొట్టేస్తుంటే
రైతు అటు తిరిగి బీడీ ముట్టించుకునే మాట.

రెండోది దొంగతనం, ఎగిరిపోవుడు.
నిజంగనే రాసి ఉన్నది, ఎగిరిపోవుడు అని.
పోలీస్ స్టేషన్ కాయితం తేవాలెనట.
ఏమని రాపియ్యాలె?
సాయంత్రం ఐదున్నరకు హసన్‌పర్తి దిక్కు పోయిందనా,
పిలిస్తే పలకలేదనా?

"మూడోది థర్డ్ పార్టీ. అది దండుగక్కా,
నీ చేతికి పైస రాదు."

నేను మీగడ తీసి సాసర్ల పెట్టిన.

పోయిన ఫిబ్రవరిల సెలవు పెట్టి యార్డుకు పోయిన.
పైనుంచి మిర్చి ఎట్లుంటదో చూద్దామని.
ఎట్లుంటదంటే
ఎవరో భూమి చర్మం వొలిచి ఆరబెట్టినట్టుంటది.
నేను తెరనే చూస్తున్న.
గాలి షెడ్డు రేకు మీద నుంచి ఒక్కసారి దిగింది,
తెర మీద ఎరుపు, ఎరుపు, ఇగ నలుపు.

ఉరికిన.
రాశిల నడుమిదాక కూరుకుపోయిన నా రెక్కలదాన్ని
ఒక హమాలి పైకి తీసి
ఉఫ్ ఉఫ్మని ఘాటు ఊదుతున్నడు,
కండ్లల్ల నీళ్లు కారుతుంటే.
"బిడ్డా, దీనికేమన్న దెబ్బ తాకిందా?"

ఆయన ఎడమ భుజం మీద
మూడు గీతలు, సన్నగ, వరుసగ.
బనీను తడుస్తున్నది.
మిర్చి పొడి అంటుకున్న చోట నెత్తురు
నెత్తురు లెక్క కనపడలె.

పేరు ఓదెలు.
దవాఖానకంటే రానన్నడు, లారీ నిండాలెనన్నడు.
చాయ్ తాగిపిచ్చిన. పది రూపాయలు.
అదే భుజం మీదికి బస్తా ఎత్తుకొని పోయిండు.

ఫారంల మొదటి పక్షం నేను.
రెండో పక్షం కంపెనీ, దానికి ముద్ర ఉన్నది, బొమ్మ ఉన్నది.
మూడో పక్షానికి పేరు లేదు,
వాడు ఎవడైనా కావచ్చట.
నాకు మాత్రం తెలుసు.

మొదటి రెండు కాయితాలు వెనక్కి జరిపిన.
నాది పోతే నేను ఏడుస్త, ఒక రాత్రి.
మూడోదాని మీద పది లక్షల గడి దగ్గర
టిక్కు పెట్టిన.

చివర్ల ఒక ప్రశ్న:
గతంలో ఏదైనా ప్రమాదం జరిగిందా?
"కాదని కొట్టక్కా, నువ్వు క్లెయిమ్ చెయ్యలే గద."
అవును అని కొట్టిన.
వివరాలకు రెండు వేళ్ల జాగ ఇచ్చిండ్రు.
ఓదెలు, ఎడమ భుజం, అని రాస్తే
ఇంకా సగం ఖాళీ ఉన్నది.

ప్రీమియం నూట నలభై పెరిగింది.
యాకూబ్ భాయ్ తల కొట్టుకున్నడు.
చాయ్ పైసలు మాత్రం ఆయనే ఇచ్చిండు.