ఏకగ్రీవంగా

వేరుశెనగకాయల బండివాడు
పొట్లాలకని చింపబోతుంటే
కొనుక్కున్నాను ఈ పుస్తకాన్ని.
అట్ట మీద చెదలు వదిలేసిన అక్షరాలు:
"పౌర వినోద సంఘం, భీమునిపట్నం. తీర్మానాలు."
లోపల రంగనాయకులు గారి దస్తూరి,
నీలి సిరా, కొమ్ములకి కూడా గంజిపెట్టినట్టు.

పంతొమ్మిదివందల యాభై అయిదు, ఆషాఢం.
కేరమ్ బల్లకి పౌడరు డబ్బా, ఆరణాలు.
గొల్లవీధి మలుపులో దీపం కోసం
మునిసిపాలిటీకి అయిదో ఉత్తరం.
నాటకానికి అద్దెగడ్డాలు రెండు,
ఒకటి తిరిగి రాలేదు, విచారించవలెను.
చందా బాకీదారుల్లో అధ్యక్షులవారే మొదలు.
ఆ వరసలో మాత్రం సిరా కాస్త పల్చన.

నేనూ ఉన్నాను అందులో:
"నౌకరు, నెలకు మూడు రూపాయలు."
మేంటిలు చిట్లకుండా పెట్రోమాక్సు వెలిగించడం,
పేకముక్కలు లెక్కపెట్టి పెట్టెలో సర్దడం,
పేపర్లని కర్రలకి గుచ్చి వేలాడదీయడం
(ఆ కర్రల దగ్గరే తర్వాత్తర్వాత
అక్షరాలు కూడగట్టుకున్నాను),
రేడియో తుడవడం.

ఊరందరి రేడియో అనేవారు.
ఊరంటే లోపలున్న పదహారు కుర్చీలు.
బయట కిటికీ కింద, ఇసకలో,
వలలు ఆరేసొచ్చిన వాళ్ళు.
మైలపల్లి నూకన్న గోడకి చెవి ఆనించి
"గుంటడా, గాలి గురించి ఏటి సెప్తన్నాడ్రా?"
పెట్టె ముఖమేమో అధ్యక్షులవారి పడక్కుర్చీ వైపు.
గోడకి దక్కేది గొణుగుడే.
నేను విని పరిగెత్తి చెప్పబోయేసరికి
గ్లాసులు కడగమని ఎవరో ఒకరు పిలిచేవారు.

అంతకు ముందటి కార్తీకంలో
రెండు తెప్పలు వెళ్ళాయి, ఒకటి వచ్చింది.
ఆ సంగతి పుస్తకంలో లేదు.
గడ్డం సంగతి ఉంది.

డ్రాయింగు మాస్టారు జోగినాథం గారు లేచి
"పెట్టెని కిటికీ వైపు తిప్పుదామండీ" అన్నారు.
పుస్తకం ఏమంటుందంటే: వాయిదా.
మళ్ళీ నెల: జల్లు పడిన యెడల పెట్టె పాడగును, వాయిదా.
మూడో నెల: కోరం లేదు.
ఆ సాయంత్రం పదకొండు గ్లాసులు కడిగాను నేను.

నాలుగో నెల ఎవరూ ఏమీ అనలేదు.
నేనూ అనలేదు.
తుడిచేటప్పుడు, రోజూ,
బొటనవేలి గోరంత.
మొదటి వారం ఎవరి కంటా పడలేదు.
రెండో వారం అధ్యక్షులవారు కుర్చీ కాస్త జరుపుకున్నారు.
మూడో వారం ఇంకాస్త.
నెలాఖరుకి ఆయన కిటికీ పక్కకొచ్చేసి
ఉత్తరీయం తీసి ఒళ్ళో పెట్టుకుని
"ఇక్కడ గాలి బాగుందోయ్" అన్నారు.

కింద నూకన్న చుట్ట ఆర్పేశాడు.
వాయుగుండం అన్న మాట
కిటికీ దాటి, ఎవరి నోటా పడకుండా,
తిన్నగా ఇసకలోకి దిగింది.
అతనేమీ అనలేదు.
లేచి, తలగుడ్డ బిగించుకుని,
తెప్పలకి ఇంకో రెండు చుట్లు తాడు వెయ్యడానికి
చీకట్లోకి నడిచాడు.

నూట పన్నెండో పేజీ:
"రేడియో కిటికీ వైపు ఉన్నట్లు గమనించడమైనది.
అట్లే ఉంచుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఏకగ్రీవం. అంతమందికీ ఒకటే మెడ.
అది ఎన్నాళ్ళు పట్టి ఇటు తిరిగిందో
ప్రతిపాదించినది ఎవరో
రంగనాయకులు గారు ఖాళీ వదిలేశారు.

సంఘం ఉన్న చోట ఇప్పుడు స్కూటర్లు బాగుచేస్తారు.
కిటికీ ఉంది. దానికి టైర్లు వేలాడదీశారు.

చివరి పేజీల్లో జీతాల పట్టీ.
సంతకం రాని రోజులు నావి,
నెలకొకటి చొప్పున నీలి వేలిముద్రలు.
జోగినాథం గారు సిరా దిండు ముందుకు జరిపి
"గట్టిగా నొక్కరా, కదపకు" అనేవారు.
అన్నీ తిన్నగానే పడ్డాయి.
నాలుగో నెలది మాత్రం
కాస్త పక్కకి తిరిగి ఉంది.