తృప్తి గడి

చిత్తూరు చర్చి వీధి జిరాక్సు షాపులో
మిషనులో పొడి ఎక్కువై
మొహాలన్నీ ఒకటే నలుపుగా వచ్చినాయి.
మళ్లా తీయమంటే ఆ పిల్లోడు
"నల్లోళ్లే గదా సార్" అని నవ్వినాడు.
డబ్బులిచ్చేసి బస్సెక్కినాను.
ఆ నవ్వుకు ఏం చెప్పాల్నో
బంగారుపాళ్యం దాకా తోచలేదు.

తొమ్మిదో తరగతి, బి సెక్షను.
కిటికీ అవతల తోతాపురి లోడు లారీలు,
వాటి వెనకాల ఈగలు.
గుంపుకొక కాగితం పంచినాను. పాఠం చెప్పలేదు.
"ఏముందో చూడండి.
ఏం లేదో గూడా చూడండి."

అదొక దరఖాస్తు. మిసిసిపీ అనే చోట
అరవై ఏండ్ల కిందట
ఓటు కావాలని ఒకామె నింపింది.
రాజ్యాంగంలో ఒక ముక్క ఇచ్చి అర్థం రాయమన్నారు.
రాసింది. ఆఫీసరుకు తృప్తి కలగాలి,
అప్పుడే ఓటు.

మురుగేశు లెక్కల్లో మొద్దు, చూపు మాత్రం సూది:
"సార్, ఈయమ్మ పెన్సిలు మూడు తూర్లు చెక్కుకునింది.
ఈడ సన్నం, ఈడికొచ్చేసరికి లావు, మళ్లా సన్నం."
పదేండ్లుగా ఆ కాగితం నా దగ్గరుంది.
నాకు కనపడలేదు.

"తృప్తి అంటే ఎన్ని మార్కులు సార్?"
హేమాద్రి అడిగితే క్లాసంతా నవ్వింది.
నవ్వు సగంలో ఆగిపోయింది.

ఢిల్లీరాణి అంతసేపూ మాట్లాడలా.
"ఇన్నేండ్లు దీన్ని దాచిందెవరు సార్?"
కాదన్న ఆఫీసే, అన్నాను.
"కాదన్నోళ్లే ఇంత భద్రంగా దాచినారా!
మా అవ్వ నలభై ఏండ్లు తోటల్లో కాయలు కోసింది.
ఇంట్లో ఒక్క కూలి చీటీ లేదు."
కాసేపాగి,
"మన బడిలో గూడా బీరువా ఉండాది గదా సార్."

ఉంది. స్టాఫ్ రూము మూల, తుప్పు పట్టి.
లోపల పాత అడ్మిషను రిజిస్టర్లు:
ఏ ఏడు ఎవరు చేరినారో,
కులం గడిలో ఏ అక్షరాలు పడినాయో,
ఎందరి పేర్లకెదురుగా
ఎర్రసిరాతో "మానేసినాడు" అని ఉందో.
ఎందుకు మానేసినాడో రాయడానికి
గడి లేదు.

హెడ్మాస్టరు జేబు తడుముకున్నాడు,
తాళంచెవి గలగలమంది, బయటికి రాలేదు.
"ఇది సిలబస్సులో ఉందా?"

మర్నాడు నా టేబులు మీద ఒక దరఖాస్తు.
ముప్పై నాలుగు సంతకాలు, ఒకటి పెన్సిలుది.
"మా బడి పాత రిజిస్టర్లు చూడదలచినాము.
చేతులు కడుక్కొని ముట్టుకుంటాము."
ముట్టుకుంటాము దగ్గర
నా కండ్లు కాసేపు ఇరుక్కున్నాయి.
అడుగున స్కేలు పెట్టి గీసిన గడి,
ఢిల్లీరాణి చేతిరాత:
"అయ్యోరికి తృప్తి కలిగిందా? అవును / కాదు."

పెన్ను మూత తీసినాను.
ఎర్రది.
జేబులో వేరేది లేదు.
పిలకాయలు చూస్తా ఉండారు.