పాత డ్రైవరు

పలకలు చెక్కే ఊళ్లో
మా ఇంట్లో ఒక పెట్టె పలకదు.

మార్కాపురంలో మా పలకల కంపెనీ మూసేసిన ఏడు
ఆఫీసు సామాను వేలం వేశారు.
కుర్చీలు కొన్నోళ్లు కుర్చీలు కొన్నారు.
నేను, రావలసిన రెండు నెలల జీతం కింద
ఈ కంప్యూటరూ దాని ప్రింటరూ మోసుకొచ్చా.
మా ఆదెమ్మ దాని మీద
వీధి పిల్లల హాల్‌టికెట్లు తీసి
కాగితానికి ఐదు రూపాయలు కొంగున ముడేసేది.

ఇప్పుడు నొక్కితే
బస్సు తప్పిన ముసలాయనలా రొప్పుతుంది.
తెర వెలిగే లోపు ఆదెమ్మ
బియ్యం ఏరి, కడిగి, ఎసట్లో పోసి వస్తుంది.
వెలిగాక మూలన తేదీ
ఎప్పుడూ ఒకటే:
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి.

ఆ తేదీ నాకు తెలుసు.
ఆ పొద్దు నేను బాలాసోర్ దాటి
దాబా ముందు లారీ ఆపి
పట్టా మీది మంచు దులుపుతున్నా.
వెనక పది టన్నుల పలకలు,
ఒక్కటీ పగల్లేదు.

కొత్తది కొనమన్నాడు ఒకాయన, ముప్పై ఐదు వేలంట.
మా ఇంట్లో టీ తాగి మరీ అన్నాడు.

సైకిలు క్యారేజీకి కట్టి
బస్టాండు వెనక సందులో కాలేషా దగ్గరికి తీసుకెళ్లా.
మూత విప్పాడు. దుమ్ము కాదది, దుప్పటి.
ఫ్యాను రెక్కల సందున బల్లిగుడ్డు పెంకు.
మెమరీ పుల్ల ఊడబీకి
బడిపిల్లల రబ్బరుతో దాని పళ్లు తోమాడు,
మా చిన్నప్పుడు దొండాకూ బొగ్గూ నూరి
పలకకు పట్టించినంత శ్రద్ధగా.
దాని పక్కన ఇంకో పుల్ల, వాడిందే, నాలుగొందలు.
గిర్రున తిరిగే డిస్కు తీసేసి
పలకముక్కంత పలచనిది, తిరగనిది,
తొమ్మిదొందల యాభై.
వేడి దిగడానికి తెల్లటి పేస్టు చిటికెడు,
దానికి డబ్బులొద్దన్నాడు.
చివర్న రూపాయి బిళ్లంత బ్యాటరీ, ముప్పై.

"ఇంకొకటుంది మామా," అన్నాడు తలెత్తకుండా,
"డ్రైవరు పాతబడ్డాడు. మార్చాలి."

సందులో ఆటోలు పోతున్నాయి.
నా చేతులు నేను చూసుకున్నా.
స్టీరింగు కాయలు ఇంకా అరగలేదు.
అద్దాల నంబరు పెరిగిందని
చీమకుర్తి గ్రానైటోళ్లు కూడా
ఇట్టాగే, తలెత్తకుండానే చెప్పారు.

కాలేషా నాలిక్కరుచుకున్నాడు.
"నువ్వు కాదు మామా! ప్రింటరుదీ, సౌండుదీ.
మిషనుంటే చాలదు గదా,
దాన్ని ఎట్టా నడపాలో తెలిసినోడు లోపల ఉండాల.
ఈ మోడలుకి కంపెనీ వాళ్లు ఇయ్యటం మానేశారు.
అప్పటి సీడీ ఏమన్నా ఉందా?"

ఉంది.
మా జామచెట్టుకి వేలాడుతోంది.
చిలకలు బెదరాలని నేనే దారం కట్టా,
మూడేళ్ల ఎండా వానా దాని మీదే.

పెట్టె బిగించి కాలేషా మాతో పాటే ఇంటికొచ్చాడు.
ఆదెమ్మ కొమ్మ వంచి
దోరకాయ కోసినట్టు కోసింది సీడీని.
సబ్బునీళ్లతో కడిగి పైటతో తుడిచింది.
లోపల పెడితే మొదట
రెండో గేరు మూలుగు.
దోర్నాల దాటాక ఘాటు మలుపుల్లో
లోడు బండిని బతిమాలినట్టు బతిమాలా:
ఇంకాస్తే, ఇంకాస్తే తల్లీ.

పట్టుకుంది.

ప్రింటరు గొంతు సవరించుకుని
తన పరీక్ష కాగితం తానే రాసిచ్చింది.
పైన ఇయ్యాల్టి తేదీ.
ముప్పై రూపాయల బిళ్ల ఒకటి
బాలాసోర్ దాబా ముందునించి
నన్ను మా వసారాలోకి తెచ్చి దించింది.
నాకిప్పుడు అరవై మూడు.

మొత్తం పదమూడొందల ఎనభై.
ఆదెమ్మ ముడి విప్పి లెక్కపెట్టింది,
కాగితం ఐదు లెక్కన
రెండొందల డెబ్భై ఆరు హాల్‌టికెట్లు.

తెల్లారేసరికి చిలకలు దిగాయి
ఎవరో కబురు చేసినట్టు.
ఒకటి కాయ కొరికి కింద పారేసి
నా వంక చూసి ఏదో అంది.
అదే వేళకి లోపల పెట్టె కూడా
టింగున పలికింది.

నేను లేచి
బీరువా కింద ఇంకో సీడీ కోసం
చెయ్యి పెట్టి తడుముతున్నా.