మడమ మలుపు

నాయిన సైకిలు పాత ఇనుప సామానోనికి ఇచ్చేముందు
ఎనక చక్రంలకెళ్ళి నాలుగు పుల్లలు పీకి పెట్టుకున్న.
గచ్చు మీద మొనలు నూరుతుంటే
ఆ సప్పుడుకు గోడమీది నుంచి పెంటమ్మ తొంగి చూసింది:
"ఏంది పిల్లా, బాణాలు చేస్తున్నవా?"
సాక్సులు, అని చెప్పిన.
దేవరకద్రల, నడి ఎండకాలంల, ఉన్ని సాక్సులు!
ఆమె నవ్వు గోడ దిగిపోయేదాక ఆగి
మళ్ళా నూరిన.
నాయిన కాళ్ళు పట్టి చూస్తే తెలిసేది ఆమెకు,
మే నెలల గూడ బావినీళ్ళ లెక్క సల్లగుంటయ్.

ఉన్ని అటక మీద దొరికింది.
మగ్గం విప్పిన యేడు మిగిలిన ఆఖరి ఉండ.
రంగెయ్యని నలుపు, గొర్రె పుట్టుకతోనే తెచ్చుకున్నది.
బుట్టకు ఇప్పటికీ చింతగింజల గంజి వాసన.
అమ్మ కదురు మీద వడికిన పోగు,
ఒక కాడ లావు, ఒక కాడ సన్నం.
సన్నమున్న కాడ ఎవరో ఆమెను పిలిచి ఉంటరు.

నేర్పింది పాలమూరు పెద్దాసుపత్రిల లిస్సీ సిస్టరు.
ఎడమకాలి బొటనవేలు, దాని పక్క వేలు
తీసేసిన నాటి రాత్రి డ్యూటీ ఆమెది.
సెలైన్ పైపు ముక్కతోటే మొదటి ముడి చూపించింది.
ఒక్కటే దారం, అంతే, అంది.
పడుగేది, పేకేది, అని అడిగిన నేను.

గొంగడికి మూలలుంటయ్. మడమ ఉండదు.
కాలు కిందికి దిగి ముంగటికి మర్లే కాడ
నా పుల్లలు మర్లలే.
మూడుసార్లు విప్పిన.
విప్పిన ఉన్ని మెలికలు మెలికలుగ మొండికేసి
నేను ఏడేడ తప్పు చేసిన్నో అంతా యాదికి పెట్టుకుంది.
నాలుగోసారి కరెంటు పోయింది.
కండ్లతోటి పనిలేదనుకొని వేళ్ళతోటి లెక్కబెట్టిన,
పన్నెండు, పదకొండు, పది...
చీకట్ల మడమ తిరిగింది.
ఎవరికి చెప్పాలె? పెంటమ్మ గురక గోడవతల.

కుడిది అయింది.
ఎడమది అదే కొలతకు అల్లుకుంట పోయి
వేళ్ళ కాడ ఆగిన.
లేని వేళ్ళకు జాగ ఉంచాల్నా?
ఉంచితే ఉత్త సంచి లెక్క వేలాడుతది.
తీసేస్తే నేను గూడ కోసినట్టే.
సిస్టరు ఫోన్ ఎత్తలే.
రెండు దినాలు పుల్లలు దూలానికి చెక్కిపెట్టి, తర్వాత
చెల్క గట్టు లెక్క ఒక దిక్కు ఏటవాలుగ దించిన.

లోపల మెత్తటి నూలుబట్ట కుట్టి తొడిగిన.
"గుచ్చుతుందా నాయినా?"
"ఏది?" అన్నడు.
డాక్టరు సూది పట్టుకొని గిదే మాట అడిగిన పొద్దు
యాదికొచ్చింది.
గుంటమగ్గంల నలభై యేండ్లు తొక్కిన కాళ్ళు,
బండ కాలి బొబ్బ లేస్తే గూడ
ఇంట్ల చెప్పని కాళ్ళు.

ఆయన దాన్ని కాలి నుంచి తీసి చేతికి తొడుక్కున్నడు.
లోపలి దిక్కు బయటికి మర్లేసి
వాకిట్ల వెలుతురుకు పట్టి చూసిండు,
అంగట్ల వేరేటోని గొంగడి చూసినట్టు.
"గీడ ఒక పోగు జారింది."
అవును నాయినా.
"మీ అమ్మ పోగేనా?"
అవును.
శానసేపు చెయ్యి తియ్యలే.
మడమల బొటనవేలు ఇరికించి
ఇటు అటు ఆడిచ్చుకుంట కూసున్నడు.

తర్వాత అడిగిండు, ఉండ ఎంత మిగిలింది?
గుప్పెడు.
"బుట్టల వద్దు. ఎలుకలున్నయ్,
డబ్బల పెట్టు."