అతుకు మీద దీవి

ఇసామియా బజారులో, మెట్ల కింది గదిలో
పదకొండేళ్ళు భూగోళాలు అంటించాను.
పన్నెండు కాగితపు తొనలు,
బత్తాయి ఒలిచి మళ్ళీ మూసినట్టు
అట్ట బంతి మీద ఒక్కొక్కటే.

తొనకీ తొనకీ మధ్య అతుకు.
నూట ఇరవయ్యో రేఖ దగ్గర
అతుక్కి ఇటు ఒక పెద్ద దేశం,
అటు ఒక చిన్న దీవి.
నడుమ నీలం, గోటి అంచంత.
తడి కాగితం సాగుతుంది.
చెయ్యి కాస్త బరువైతే చాలు,
సముద్రం జిగురు కిందికి పోతుంది,
దీవి వెళ్ళి ఒడ్డుకి అంటుకుంటుంది
ఒక్క తూటా పేలకుండా.

"ఆడ మెల్లగ, చంద్రకళా" అనేవాడు ఇఫ్తెఖార్ చాచా
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి.
రంగుల పని ఆయనది.

ఆ ఏడు బాలానగర్ కార్ఖానాలో
యంత్రం బిగించడానికొచ్చిన ష్యూ అనే ఇంజనీరు
ఒక సాయంత్రం గోళాన్ని తిప్పి తిప్పి
వేలు అక్కడ ఆపాడు.
"దీనికి వేరే రంగు వేస్తారా? ఒక్కదానికే."

సక్సేనా సేటు లెక్కల పుస్తకం మూశాడు.
"రంగు మా చేతిలో లేదు సాబ్,
స్కూళ్ళు వాపసు పంపుతాయి."
ష్యూ నవ్వాడు,
ఆ జవాబు చాలా కౌంటర్ల దగ్గర విన్నవాడిలా.

చాయ్ తాగుతూ వచ్చీరాని హిందీలో చెప్పాడు:
ఓడ దిగకుండానే అందగత్తె అని పేరుపెట్టి
సాగిపోయిన వాళ్ళ గురించి,
జింక తోళ్ళు లెక్కపెట్టుకున్న డచ్చివాళ్ళ గురించి,
యాభై ఏళ్ళు చక్కెర మోసుకెళ్ళి
తాతకి ఒక జపాను పేరు వదిలిపోయిన వాళ్ళ గురించి.
తమని దేశమని ఒప్పుకునేవాళ్ళని వాళ్ళమ్మ
చేతివేళ్ళు, కాలివేళ్ళు అయిపోయాక
ఇంకో మూడు, అని లెక్కపెడుతుందట.
చిన్నాన్న కాపలా కాసిన ఇసుకలో
ఇనుప పట్టాలు సముద్రంవైపు ఏటవాలుగా పాతారట.
వాటి సందుల్లోనే ఆడవాళ్ళు
ఆలిచిప్పలు ఏరుకుంటారట.

చాచా కుంచె కడగడం ఆపేశాడు.

"నేను పుట్టినప్పుడు ఈ ఊరికి వేరే రంగుండె.
సముద్రం లేని దీవి మాది, చుట్టూ నేలే.
రెసిడెన్సీ సింహాల ముంగట్నుంచి బడికి పోతుంటి.
దొరలు పోయిన్రు, సింహాలున్నయ్.
ఆ సెప్టెంబర్ల అబ్బాజాన్
కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటిచ్చిండు,
విమానాలకు దీపం కనపడొద్దని.
మైదాపిండి ఉడకబెట్టుడు నా పని, పన్నెండేండ్లోణ్ణి.
నా మొదటి జిగురు గదే.
అయిదు దినాలు. రేడియో చెప్పింది, అయిపాయె.
కాగితం పీకినం, మరక పోలే.
బీదర్ దిక్కు మా మామూ కాడికెళ్ళి
ఉత్తరం రాలే.
మల్లెన్నడు రాలే."

నేను తల ఎత్తలేదు.
మా నాన్నమ్మది నల్గొండ పక్క పల్లె.
ఆమెకి అదే సెప్టెంబరు
చేలల్లో దాక్కున్న నెలల తర్వాత
ఇంటి తలుపు తీసిన నెల.
రజాకార్లు కాల్చిన గడ్డివాము నల్లమచ్చని
చచ్చేదాకా వేలుపెట్టి చూపించింది.
చాచాకి ఎప్పుడూ చెప్పలేదు.
తెలిసే ఉంటుంది.
ఇద్దరం ఒకే గిన్నెలో కుంచె ముంచేవాళ్ళం.

ష్యూ ఒక్కటే అడిగాడు:
"సైన్యం రావడానికి ముందురోజు రాత్రి ఏం తిన్నారు?"

చాచా చాలాసేపు వెతుక్కున్నాడు.
"ఖట్టీ దాల్. ఉప్పెక్కువైంది.
ఎవ్వరం అనలే అమ్మీని."

సోమవారం గోళం సిద్ధం.
చాచా దాన్ని పాత పేపర్లో చుట్టి
"తడి ఆరలే, చూడకుండ్రి, తాకకుండ్రి" అని చేతికిచ్చాడు.
రెండు చేతులతో, కడుపుకి ఆనించుకుని
కోఠీ బస్సులో నిలబడే వెళ్ళాడు ష్యూ.
లోపలి రంగేమిటో నేనూ చూడలేదు.
అతుకు మాత్రం నాదే.

ఆ గదిలో ఇప్పుడు ఫోన్లకి కవర్లమ్ముతారు.
మొన్న ఇరానీ హోటల్ టీవీలో
ఓడలు, ఎర్ర బాణాలు, దీవి చుట్టూ గుండ్రం.
ఎదుటివాడు సమోసా తుంచుతున్నాడు.
నా గోరు బల్లమీది సన్‌మైకా అంచు వెంబడి
మెల్లగా, మెల్లగా పోతోంది,
నీలం ఇంకా ఉందా అని తడుముతూ.