పొద్దుగాల డబ్బా

ఇంటికి రెండు డబ్బాలు ఇస్త.
ఒకటి ఇప్పుడే, నా ముందరనే.
రెండోది పొద్దుగాల లేవంగనే,
పండ్లు తోమకముందు, చాయ తాగకముందు
రొమ్ము అడుగు నుంచి దగ్గి తీసింది.
ఉమ్మి కాదన్నా, తెమడ.
ఈ మాట ఎన్నిసార్లు చెప్పిన్నో
గోదావరిఖనిల, కాలనీ వెనుక గుడిసెల్ల.

గట్టయ్య నవ్విండు.
"పొద్దుగాల అంటే ఎప్పుడు చెల్లె?
మూడో షిఫ్ట్ దిగి ఇల్లు చేరేసరికి
మీకు తెల్లారుతది, నాకు పొద్దుగూకుతది.
నేను లేచేది మధ్యాహ్నం రెండు దాటినంక.
గప్పటికి నీ దవఖాన తలుపులు మూసుంటయ్."

కాయిదం మీద దీనికి జవాబు లేదు.
ట్రైనింగుల ఎవరూ చెప్పలేదు
బొగ్గుబాయి పక్కన పొద్దు మూడుసార్లు పుడుతదని,
సైరన్ కూసినప్పుడల్లా
ఏదో ఒక ఇంట్ల తెల్లారుతదని.

ఆయన పని బాయిల కాదు, బెల్టు కింద.
రాలిన బొగ్గును పారతోని ఎత్తి
మళ్ల బెల్టు మీదెయ్యాలె.
కాంట్రాక్టు.
గేటు పాసు మీద ఫోటో ఉంటది,
కంపెనీ దవఖాన పుస్తకంల పేరుండది.

పక్క లైన్ల ఓదెలు మామ పర్మినెంటు.
అన్‌ఫిట్ అయితే బాగుండని మూడేండ్ల సంది మొక్కుతుండు,
కొడుకుకు కొలువొస్తదని.
గట్టయ్య అన్‌ఫిట్ అయితే
తెల్లారి ఆ పార ఇంకొకని చేతిల.
దగ్గు ఒక్కటే.
ఒకాయన దాన్ని డాక్టరుకు గట్టిగ వినిపిస్తడు,
ఇంకొకాయన మేస్త్రికి వినబడకుండ
తువ్వాల నోట్ల కుక్కుకుంటడు.

"నల్లగనే పడుతది చెల్లె, మా అందరికీ నల్లగనే."
మరి ఎర్రగ?
తల అటు తిప్పిండు.
చాటల బియ్యం ఏరుకుంట, నా మొఖం చూడకుండ
కనకలచ్చిమి చెప్పింది:
"తువ్వాల పిండేది నేను.
నల్లటి నీళ్లల్ల ఎరుపు దాగుతదనుకుంటడు.
దాగదు."

మా నాయిన ఫిల్లర్. తట్ట, చెమ్మస్.
ఆయన దగ్గు మాకు గడియారం.
మూలమలుపు కాడ దగ్గు వినబడితే
అమ్మ అన్నం వడ్డించేది.
బొగ్గు దుమ్మన్నరు అందరూ.
దుమ్మేనేమో.
ఎవరూ డబ్బా ఇయ్యలేదు, మేం అడగలేదు.
ఈ సంగతి నేను ఏ ఇంట్లనూ చెప్పను.
మూత గట్టిగుందో లేదో చూసుకుంట, అంతే.

మరునాడు మధ్యాహ్నం రెండుంబావుకు పోయిన.
రేకులు కాలుతున్నయ్. మనిషి అప్పుడే లేచి
కండ్లు నులుముకుంటుండు.
బయటికి, గాలి ఉన్నకాడికి తీస్కపోయి
గాలి పీల్చు, ఆపు, ఇగ దగ్గు అన్న.
మూడోసారికి వచ్చింది,
బాయి అడుగుల నుంచి తోడినట్టు.

డబ్బా మీద పేరు రాసిన.
సమయం అన్న గడిల 'పొద్దుగాల' అని రాసి
పక్కన రెండు ఇరవై అని పెట్టిన.
ఐస్ డబ్బాల పెట్టి పంపితే
ల్యాబు నుంచి సదానందం ఫోన్ చేసిండు:
"అక్కా, తప్పు రాసినవ్."
"లేదు తమ్మీ, సరిగనే రాసిన.
ఆ ఇంట్ల గప్పుడే పొద్దు పొడిసింది."

పాజిటివ్.

గోళీలు మొదలుపెట్టిన దినమే
ఒంటేలు నారింజ రంగుల వచ్చిందని
రాత్రి పదకొండుకు ఫోన్ కొట్టిండు.
మందు రంగే అన్నా, భయం లేదు.
"ఇన్నేండ్లకు నా ఒంట్ల
నలుపు కాని రంగొకటి" అని నవ్వబోయి
దగ్గిండు.

పార ఇంకొకనికి పోయింది, అనుకున్నట్టే.
కనకలచ్చిమి బస్టాండు కాడ హోటల్ల గిన్నెలు తోముతది.
సర్కారు పైసలు ఒక నెల పడ్డయ్, ఒక నెల పడలే.
పని లేకున్నా ఆయన ఇంకా
మధ్యాహ్నం రెండింటికే లేస్తడు.
ఒళ్లు షిఫ్ట్ మర్చిపోలే.

గోళీ మింగిన దినం
గోడకు బొగ్గుతోని ఒక గీత గీస్తడు.
నిన్నటికి నలభై ఒకటి లెక్కపెట్టిన.
ఇరవై మూడో గీత తర్వాత
ఒక గీతంత జాగా వదిలిండు.
ఏమైందో అడగాలె ఇయ్యాల,
ఆయన పొద్దుగాల.