పక్కచేని బోరు

వీసా లాటరీలో మూడోసారీ నా పేరు రాలేదు.
నేను పోలేదని కుర్చీయే నా దగ్గరికొచ్చింది,
కళ్యాణదుర్గంలో చెనిక్కాయల మిల్లు పైగదికి.
జీతం మాత్రం దారిలో కరిగి
అయిదో వంతుకు దిగింది.

తొమ్మిది వారాల అప్పగింత.
రాత్రి ఏడున్నరకు ఆమెకు పది గంటల పొద్దు.
కెమెరా తెరవదు, గొంతు మాత్రమే. పేరు మార్లీన్.
ఆసుపత్రి బిల్లుల ప్రోగ్రాము, పంతొమ్మిదేండ్లుగా
తానే కుట్టి తానే మాసికలేసింది.
"ఈ లైను ముట్టుకోవద్దు.
ఎందుకు పనిచేస్తుందో నాకూ తెలీదు,
తీస్తే ఫిబ్రవరి మొత్తం కూలిపోతుంది."
రాసుకుంటాను.
కోడు నడుమ ఎప్పుడో తనకోసం రాసుకున్న ముక్క:
ఈ రోజు మంచు. ఇది రెండో కాఫీ.
అది ఉంచాలా తీసెయ్యాలా, అడగలేదు.

వన్నూరమ్మ అనే పేరు ఆమె నోట తిరగదు.
"వానా" అంటుంది.
మా పక్క ఆ పేరు పెట్టి పిలిస్తే
ఎవరూ పలకరు, రెండేండ్లుగా.

ఒకసారి నవ్వుతానే చెప్పింది:
వీసా మీద ఒకతను దిగిన ఏడు
తన పక్క కుర్చీ ఖాళీ అయ్యిందంట.
వీసాలు బిగించిన ఏడు, తనది.

మా నాయన ఏడువందల ఇరవై అడుగులకు బోరు దించిన రోజు
నీళ్లు ఎగజిమ్మితే
పావడా తడుపుకుని గంతులేసినా.
నాలుగోనాటికి తిప్పేస్వామి బోరు గాలి కక్కింది.
కొట్లాటకు వస్తాడని అమ్మ తలుపేసింది.
రాలేదు.
గట్టు దిగి, మా పైపు కింద దోసిలి పట్టి,
పుక్కిట పోసుకుని చూసి
"తియ్యగనే ఉండాయి" అన్నాడు.
తువ్వాలు దులుపుకుని పోయినాడు.

చివరి రాత్రి మార్లీన్ అడిగింది,
"నీకెంతిస్తారు?"
చెప్పకూడదని కాగితం మీద సంతకం పెట్టినా.
చెప్పినాను.
చాలాసేపు ఏమీ వినపడలేదు,
కింద మిల్లులో
గింజా పొట్టూ విడిపోతున్న చప్పుడు తప్ప.
"అంతేనా" అంది.
ఆ కోపం ఎవరిమీదో
ఇప్పటికీ తేల్చుకోలేకున్నా.

తర్వాత పాస్‌వర్డు చెప్పింది:
ఒక కుక్క పేరు, ఏదో సంవత్సరం.
మార్చుకోమంది.
నడిరేయి దాటినాక మార్చినాను.

మంచూ కాఫీ అట్లే ఉండాయి.
వాటి కింద నాదొకటి చేర్చినా, దేనికీ పనికిరాని లైను:
ఈ రోజు ఉక్క. మిల్లు తిరుగుతాంది.
నీళ్లు తియ్యగనే ఉండాయి.